మొదటి కత్తెర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాచుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు, అనుకున్నా దాగే రకం కాదు. మా వర్క్‌షాపులో కాజాలు కుట్టే పిల్లల దగ్గర్నుంచి ఇస్త్రీ ఆయన దాకా నా చేత తిట్లు తినని మనిషి లేడు. ఒకరోజు నేను ఎవరినీ తిట్టకపోతే, "అక్కకి ఒంట్లో బాగాలేదేమో" అని వాళ్ళే గుసగుసలాడుకుంటారు. ఇంటికి వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర నా సంచీ అందించేది కూడా వాళ్ళే.

మేం నాటకశాలలకి తెరలు, వేషాలకి బట్టలు, బ్యాండు వాయించేవాళ్ళకి కోట్లు కుడతాం. గది మధ్యలో పొడుగాటి బల్ల ఉంటుంది. దాని మీద బట్ట పరిచి, సుద్దతో గీసి, కత్తిరించేది నేను. అందుకే చిన్న ఓనరు నన్ను "మాస్టరుగారూ" అంటాడు. మిగతావాళ్ళకి నేను అక్కని. నా కత్తెర కూడా నాలాంటిదే, ఎవరి చేతికీ ఒక పట్టాన లొంగదు. కొత్తగా చేరినవాళ్ళు సరదాగా ఎత్తి, "అమ్మో, ఇంత బరువా!" అని మళ్ళీ బల్ల మీద పెట్టేస్తారు. దాన్ని పట్టీ పట్టీ నా బొటనవేలు కాయలు కాచింది.

ఆ బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. ఖరీదైన బట్ట మీద మొదటి కత్తెర పడేటప్పుడు గదిలో అందరూ ఊపిరి బిగబట్టాలి. చిన్న ఓనరు తండ్రి, మేమంతా పెద్దాయన అనేవాళ్ళం, ఒకసారి పట్టు బట్ట మీద కత్తెర పెట్టగానే వెనక ఎవరో గట్టిగా తుమ్మారట. ఆయన చెయ్యి అదిరి తాను తానంతా పాడైపోయిందట. ఆ తుమ్మినవాడు ఎవరో ఇప్పటికీ తేలలేదు కానీ, ఆ రోజు నుంచి ఇదీ మా పద్ధతి. మెషీన్లు ఆగిపోతాయి. ఇస్త్రీ ఆయన పెట్టె నిలబెట్టి చేతులు కట్టుకుంటాడు. కత్తెర కరకరమంటూ బారెడు దూరం వెళ్ళాక నేను తల ఊపుతాను. అప్పుడు అందరూ ఒక్కసారిగా హమ్మయ్య అని ఊపిరి వదులుతారు. నాకు పని నేర్పింది పెద్దాయనే. ఆయన పోయినా పద్ధతి పోనివ్వలేదు నేను. కొత్తవాళ్ళెవరైనా ఆ సమయంలో చిన్నగా దగ్గినా సరే, వాళ్ళ పని అయిపోయినట్టే.

అలాంటిది ఒకరోజు పై అరలో ఉన్న బట్ట తాను అందుకోబోయి స్టూలు మీంచి పడ్డాను. కుడి భుజం నేలకి తగిలింది, తాను వచ్చి నా మీద పడింది. పై ప్రాణాలు పైనే పోయాయనుకున్నాను. ఎముక విరగలేదనీ, లోపల కండ చిట్లిందనీ చెప్పి డాక్టరు చేతిని మెడకి కట్టి వేలాడదీశాడు. చాలా వారాల తర్వాత మళ్ళీ ఫోటోలు తీసి, "పూర్తిగా మానిపోయిందమ్మా, ఇక మీ ఇష్టమొచ్చినట్టు వాడుకోండి" అన్నాడు.

నా ఇష్టం సరే, చేతికి ఇష్టం ఉండొద్దూ? గుండెల ఎత్తు దాకా లేచేది, అక్కడ ఎవరో గొళ్ళెం పెట్టినట్టు ఆగిపోయేది. ఆ పైన వేలెడు ఎత్తాలన్నా పగలే చుక్కలు కనిపించేవి. జుట్టు దువ్వుకోవడానికి కూడా మా ఆయనే దిక్కయ్యాడు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. దువ్వెన పట్టుకుని, "కదలకు, మలుపు తిప్పుతున్నా" అనేవాడు. నేను విసుక్కుంటే, "చెయ్యి లేవకపోతే ఏంలే, నోరు బాగానే లేస్తోందిగా" అని నవ్వేవాడు.

నవ్వులాటగానే ఉండేది, చిన్న ఓనరు నన్ను పక్కకి పిలిచేదాకా. ఆయన మెత్తని మనిషి. ఒక కష్టమైన మాట చెప్పాలంటే నీళ్ళు నములుతూ నిలబడతాడు.

"మాస్టరుగారూ, పెద్ద నాటకశాల వాళ్ళు కొత్త తెర అడిగారు. నీలం వెల్వెట్. ఆ బట్ట ఎక్కడి నుంచో రావాలి, కొంచెం టైము పడుతుంది."

"రానివ్వండి."

"అది వచ్చేలోగా మీ చెయ్యి బాగైతే మీరే కత్తిరించండి. కాకపోతే... ఇక బల్ల పొట్టికి అప్పజెబుదామనుకుంటున్నాను. మీరు పక్కన కూర్చుని చెబుతూ ఉండండి."

పొట్టి అంటే లైనింగులు కత్తిరించే అమ్మాయి. పని నేర్పింది నేనే. తనకి బల్ల ఇస్తే నాకు ఈర్ష్య లేదు, ఎప్పుడో ఒకప్పుడు ఇవ్వాల్సిందే. కానీ పక్కన కూర్చుని చెప్పడమేమిటి? నేనేమన్నా గోడ గడియారాన్నా? ఆ మాట ఆయన ముఖం మీదే అడిగేశాను. తర్వాత దారపు ఉండలు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను. ఆ బల్ల ముందు నిలబడి కత్తెర పట్టుకున్నప్పుడే నేను నేను. అది పోతే, ఉత్త నోరున్న మనిషిని మాత్రమే మిగులుతాను. ఆ సంగతి నాకు అందరికన్నా బాగా తెలుసు.

ఇంటికి వెళ్తే మా అమ్మాయి ఫోన్లో నా మీద ఎగిరింది. "ఇంట్లోనే వైద్యుణ్ణి పెట్టుకుని ఆ నూనెలూ ఈ పట్టీలూ ఏంటమ్మా? ఆయన దగ్గరికి ఎందుకు వెళ్ళవు?"

ఆయన అంటే మా అల్లుడు. ఫిజియోథెరపిస్టు. మంచి పేరున్నవాడే. కానీ నా ఇబ్బంది మా అమ్మాయికి ఏం తెలుస్తుంది? లోకంలో నేను తిట్టలేని మనిషంటూ ఉంటే అది మా అల్లుడొక్కడే. కొత్తల్లుడు. ఆయన ఎదుట నేను చిన్న గొంతుతో మాట్లాడతాను, "అల్లుడుగారూ" అంటాను, "మీరు" అంటాను, కుర్చీలో అంచున కూర్చుంటాను. మా ఆయన ఆ గొంతు విని ఒకసారి వంటింట్లోంచి తొంగిచూసి, "ఎవరొచ్చారే మనింటికి?" అని అడిగాడు. అలాంటి మనిషి ముందు జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని భుజం చూపించడమంటే తల కొట్టేసినట్టుంది నాకు. అయినా నీలం వెల్వెట్ కళ్ళ ముందు ఆడుతోంది కదా, వెళ్ళాను.

ఆయన క్లినిక్కులో ఒక గోడ నిండా అద్దం. ఇంకో గోడకి రంగురంగుల రబ్బరు పట్టీలు వేలాడుతున్నాయి. పై నుంచి కప్పీ మీదుగా ఒక తాడు దిగింది. మూలలో మనిషంత బంతి ఒకటి. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మా అమ్మాయి చిన్నప్పటి అల్లరి గురించి అడుగుతూ అడుగుతూ నా చెయ్యి తనే మెల్లగా ఎత్తాడు. చెబుతున్న కబురు మధ్యలో ఆపి చూస్తే నా చెయ్యి నా చెవి పక్కన ఉంది.

"చూశారా అత్తయ్యా? నేనెత్తితే పూర్తిగా లేస్తోంది. ఇప్పుడు మీరు ఎత్తండి."

ఎత్తాను. గుండెల దగ్గర గొళ్ళెం పడింది.

"నొప్పిగా ఉందా?"

"అబ్బే, అస్సలు లేదు అల్లుడుగారూ" అన్నాను పళ్ళ బిగువున.

"ఊపిరి తీసుకోండి."

"తీసుకుంటున్నానండీ."

ఆయన జేబురుమాలు తీసి నా పొట్ట మీద పరిచాడు. ఊరికే పడుకున్నప్పుడు రుమాలు లేస్తోంది, దిగుతోంది. చెయ్యెత్తమనగానే ఎక్కడిదక్కడ ఆగిపోతోంది. నా ఒంటి మీద రుమాలు నా మీదే సాక్ష్యం చెబుతుంటే ఏమనను?

"దెబ్బ మానింది అత్తయ్యా. కానీ మీ చెయ్యి ఇంకా ఆ స్టూలు మీంచి పడుతూనే ఉంది. మీరు ఎత్తాలి అనుకోగానే పడిపోతానన్న భయంతో భుజం చుట్టూ ఉన్న కండలన్నీ బిగుసుకుంటున్నాయి."

నాకు ఒళ్ళు మండింది. అంటే నేను నాటకమాడుతున్నాననా? పైకి మాత్రం "అలాగాండీ" అన్నాను. నా మొహం చూసి అర్థమైనట్టుంది.

"మీరు కావాలని చేస్తున్నారని కాదు. నొప్పి నిజమే. భయం మనసులో పుట్టినా, బిగుసుకునేది కండే కదా. లాగేది, నొప్పి పుట్టేదీ అక్కడే."

తర్వాత వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి చేయించాడు. తాడు లాగించాడు, గోడ మీద వేళ్ళు పాకించాడు. ఒకసారి కళ్ళు మూసుకుని సముద్రపు ఒడ్డు ఊహించుకోమన్నాడు, మనసు తేలికపడుతుందట. ఊహించుకున్నాను. లంగా అంచుల్లో ఇసక, ఉప్పునీళ్ళు పడి మరకలైన పట్టు బట్టలు, వాటిని ఎవరు ఉతకాలి అన్న బెంగ. కళ్ళు తెరిచేసరికి భుజం ఇంకాస్త బిగుసుకుంది. "చాలా హాయిగా ఉందండీ" అన్నాను. మా అల్లుడు జుట్టులో వేళ్ళు పోనిచ్చి నా భుజం వంక చూశాడు.

"అత్తయ్యా, నేనొకసారి మీ వర్క్‌షాపుకి రావచ్చా? పని దగ్గర మీరెలా ఉంటారో చూడాలి."

వద్దనడానికి నోరు రాలేదు. వర్క్‌షాపులో మాత్రం ముందే గట్టిగా చెప్పాను. "రేపు మా అల్లుడుగారు వస్తున్నారు. నోళ్ళు అదుపులో పెట్టుకోండి, నా పరువు తీయకండి."

"మేమా అక్కా?" అంది పొట్టి, కళ్ళు పెద్దవి చేసి.

ఆయన వచ్చిన రోజు రాణి వేషానికి పట్టు బట్ట బల్ల మీద ఉంది. నా చెయ్యి లేవదు కాబట్టి పొట్టే కత్తిరించాలి. నేను పక్కనే కుర్చీలో కూర్చున్నాను, అచ్చం గోడ గడియారంలాగే. పొట్టి కత్తెర తీసుకుని నా వైపు చూసింది. నేను కళ్ళతోనే ఊఁ అన్నాను. మెషీన్లు ఆగాయి. ఇస్త్రీ ఆయన చేతులు కట్టుకున్నాడు. చిన్న ఓనరు తన గది గుమ్మంలో నిలబడ్డాడు. అందరం ఊపిరి బిగబట్టాం. కత్తెర బట్టలోకి దిగింది.

"అదేంటి, అందరూ ఊపిరి ఎందుకు ఆపేశారు?" అన్నాడు బయటి గుమ్మం దగ్గర నిలబడ్డ మా అల్లుడు, ఖంగుమనే గొంతుతో.

పొట్టి ఉలిక్కిపడింది. కత్తెర గీత దాటి జానెడు పక్కకి పోయింది.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. కుర్చీ వెనక్కి పడేలా లేచాను. "బుద్ధుందా నీకు? కత్తెర పడేటప్పుడు నోరెత్తుతావా? ఇంతమంది కిక్కురుమనకుండా నిలబడితే నీకు కనబడట్లేదూ? ఇంత చదువుకున్నావు, ఎక్కడ నోరు మూసుకోవాలో నేర్పలేదా ఎవరూ? పో, ముందు బయటికి పో!"

అప్పుడు తెలిసింది నేనెవరిని తిట్టానో. నాలుక కరుచుకున్నాను. మా అమ్మాయి మొహం, వియ్యంకుల మొహాలు వరసగా కళ్ళ ముందు తిరిగాయి. కానీ పొట్టి బట్ట వంక చూడటం లేదు, మా అల్లుడి వంకా చూడటం లేదు.

"అక్కా," అంది మెల్లగా, "చెయ్యి."

నా కుడిచెయ్యి తలకన్నా ఎత్తులో ఉంది, వేలు తలుపు వైపు చూపిస్తూ. దాన్ని నేనూ చూశాను. ఆ క్షణమే భుజం బిగుసుకుంది, చెయ్యి దభీమని కిందికి వాలిపోయింది.

మా అల్లుడికి మాత్రం ప్రాణం లేచొచ్చినట్టయింది. గుమ్మం దగ్గర్నుంచి గబగబా వచ్చి, "అత్తయ్యా, ఇంకొక్కసారి తిట్టండి!" అన్నాడు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. బయట మెట్ల మీద కూర్చుని, తప్పయిపోయింది అల్లుడుగారూ, అని ఎన్నిసార్లు అన్నానో. ఆయన వింటేనా! ఆయన ధ్యాసంతా నా భుజం మీదే.

"ఇప్పుడు అర్థమైంది అత్తయ్యా. ముఖ్యమైన పని అనగానే ఊపిరి ఆపేయడం ఇన్నేళ్ళుగా మీ ఒంటికి అలవాటైపోయింది. ఆ స్టూలు మీంచి పడ్డాక చెయ్యెత్తడమే మీకు అన్నిటికన్నా ముఖ్యమైన పనయింది. ఎత్తబోతారు, ఊపిరి ఆపేస్తారు, దాంతో మెడా భుజమూ బిర్రబిగుసుకుంటాయి. తిట్టేటప్పుడు ఊపిరి ఆపలేరు కదా? ఆపితే మాట రాదు."

"అంటే... నా నోరే నాకు మందా?"

"ప్రస్తుతానికి అంతే. అందుకే చెబుతున్నా, నన్ను మీరూ గీరూ అనకండి. మర్యాద చేసినంతసేపూ మీ భుజం లేవదు."

పాడైన ఆ పట్టు బట్ట సంగతి అడుగుతారేమో, జానెడు కోతని రాణిగారి చంక కింద కుట్టులో కలిపేశాం. ఆమె చేతులు చాచి ఎన్ని శాపాలు పెట్టినా ఎవరికీ కనబడదు.

ఆ తర్వాత క్లినిక్కులో నా వైద్యం చూడాలి మీరు. మొదట్లో నోరు పెగల్లేదు. కారణం లేకుండా తిట్టమంటే ఎవరిని తిడతాం? మా అల్లుడు గడుసువాడు, కావాలనే కాలరు వంకరగా కుట్టిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. చూసీ చూడనట్టు ఎంతసేపని ఊరుకుంటాను? "ఆ కాలరు కుట్టినవాడెవడు? వాడికి కళ్ళున్నాయా? ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. ఇది చొక్కానా, గోనెసంచా? నువ్వెలా తొడుక్కుని బయటికొచ్చావురా నాయనా?" అంటూ తాడు లాగుతున్నాను. కప్పీ కిరకిరలాడుతోంది. చెయ్యి మొహం దాటింది, నుదురు దాటింది. పక్క బల్ల మీద మోకాలికి వైద్యం చేయించుకుంటున్న ముసలాయన, "అమ్మా, నన్ను కూడా కాస్త తిట్టి పుణ్యం కట్టుకో" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు.

అలా రోజూ వెళ్ళడం, తిట్టడం, చెయ్యి ఎత్తడం. నొప్పి ఒక్కరోజులో పోలేదు కానీ, రోజురోజుకీ వెనక్కి తగ్గింది. చొక్కా గురించి తిట్లు అయిపోయాక, పట్టుకీ వెల్వెట్‌కీ కత్తెర ఎలా తేడాగా పట్టాలో చెప్పేదాన్ని. మా అల్లుడు కళ్ళార్పకుండా వినేవాడు. మా అమ్మాయి నా పోలికే అనీ, రోజూ తిట్లు తినే వస్తాననీ ఒకసారి రహస్యంగా చెప్పాడు. ఆ రోజు మేమిద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అత్తా అల్లుళ్ళమని మరిచిపోయి స్నేహితులమైపోయాం. మా ఆయన మాత్రం దిగులుపడ్డాడు. "తిట్లన్నీ క్లినిక్కులోనే వాడేసి వస్తున్నావు. ఇల్లు బోసిపోయింది" అన్నాడు.

ఒక భయం మాత్రం నన్ను వదల్లేదు. ఒకరోజు అడిగేశాను.

"ఒరే నాయనా, కోపం వస్తేనే లేస్తుందా ఈ చెయ్యి? రేపు ఆ వెల్వెట్ ముందు నిలబడినప్పుడు కోపం రాకపోతేనో?"

"కోపం కాదత్తయ్యా, ఊపిరి. కోపం ఉత్త సాకు. ఊపిరి ఆడితే చాలు, ఏ సాకైనా ఫరవాలేదు."

"నాకు తెలిసిన సాకు అదొక్కటే."

"ఇంకో మాట. ఎప్పుడో ఒకరోజు ఆ స్టూలు మళ్ళీ ఎక్కండి. ఎక్కాక..."

"ఆ స్టూలు పేరెత్తావంటే నీ కాళ్ళు విరగ్గొడతాను" అన్నాను, చెయ్యి పైకెత్తి మరీ.

వెల్వెట్ వచ్చింది. ఇద్దరు మోసుకొచ్చి బల్ల మీద దింపితే బల్ల మూలిగింది. విప్పుతుంటే కళ్ళు చెదిరాయి. చేత్తో ఒకవైపు నిమిరితే ముదురు నీలం, ఇంకోవైపు నిమిరితే లేత నీలం. నూగు ఎటు పడుతోందో చూసుకున్నాను, సరిచేసుకున్నాను, బల్ల ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సుద్దగీత గీశాను. ఆ గీత చివరిదాకా కత్తెర వెళ్ళాలంటే భుజం పూర్తిగా చాచాలి. చిన్న ఓనరు వచ్చి బల్లకి అవతల నిలబడ్డాడు. పొట్టి నా పక్కన నిలబడింది. ఈ రోజు నా చెయ్యి సాగకపోతే కత్తెర తన చేతికి ఇవ్వాలి. ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు.

కత్తెర తీశాను. గదిలో మెషీన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇస్త్రీ ఆయన పెట్టె నిలబెట్టాడు. అందరూ ఊపిరి బిగబట్టారు.

నేను కూడా బిగబట్టాను. అలవాటు ఎక్కడికి పోతుంది? గుండెల ఎత్తులో గొళ్ళెం పడింది.

తిట్టవే, తిట్టవే, అని నన్ను నేనే తొందరపెట్టుకున్నాను. ఎవరిని తిట్టను? ఇస్త్రీ ఆయన్ని చూశాను. కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని ఉన్నాడు. పొట్టిని చూశాను. కింది పెదవి పంటితో నొక్కిపట్టింది. నా చెయ్యి లేస్తే తనకే నష్టం, అయినా నాకన్నా తనకే ఎక్కువ కావాలి అది లేవడం. కాజాలు కుట్టే పిల్లలు ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకున్నారు. వీళ్ళనా తిట్టేది? ఎంత వెతికినా నా ఒంట్లో ఎక్కడా కోపం లేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి. అయిపోయిందిరా దేవుడా, అనుకున్నాను. కత్తెర పొట్టికి ఇచ్చేద్దామని తలెత్తాను.

ఎదురుగా చిన్న ఓనరు. పాపం, నేను కత్తెర తీసినప్పటి నుంచీ ఊపిరి బిగబట్టే ఉన్నాడు. బుగ్గలు పూరీల్లా ఉబ్బిపోయాయి, మొహం కందగడ్డయింది, గుడ్లు బయటికొచ్చాయి. ఇక తన వల్ల కాక, బళ్ళో పిల్లాడిలా చిటికెన వేలు పైకెత్తి, ఒక్కసారి వదలనా మాస్టరుగారూ, అన్నట్టు దీనంగా నా వంక చూశాడు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. ఫక్కున నవ్వేశాను. ఆ నవ్వుతోనే భుజం వదులైంది, చెయ్యి ముందుకు సాగింది, కత్తెర వెల్వెట్‌లోకి దిగింది. చిన్న ఓనరు బుస్సుమని ఊపిరి వదిలేసి దగ్గడం మొదలుపెట్టాడు. పొట్టి నవ్వింది. పిల్లలు నవ్వారు. ఆ బల్ల దగ్గర అంత గోల నా జన్మలో ఎప్పుడూ వినలేదు. నేను నవ్వుతూనే కత్తిరించాను. కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. కరకర, కరకర, కత్తెర బల్ల మధ్యకి వచ్చింది, మధ్య దాటింది, నా చెయ్యి చాచినంత దూరం వెళ్ళి అవతలి అంచు దాటింది. వెల్వెట్ రెండుగా విడిపోయింది. గీత వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

"ఇంకెప్పుడూ ఈ బల్ల దగ్గర ఎవరూ ఊపిరి ఆపడానికి వీల్లేదు" అన్నాను, కత్తెర కింద పెట్టి. "పెద్దాయన మీద ఒట్టు."

"మరి తుమ్మొస్తేనో అక్కా?" అని అడిగింది ఒక పిల్ల.

"తుమ్ము. నా చెయ్యి అదరదు."

అప్పుడు ఇస్త్రీ ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆయన ఆ వర్క్‌షాపులో నాకన్నా పాత. "ఆ రోజు పెద్దాయన వెనక తుమ్మింది నేనేనమ్మా" అన్నాడు తలొంచుకుని. "చెబుదామంటే ఇన్నాళ్ళూ ఊపిరి ఆడలేదు."

ఎక్కడ దాక్కుందో గానీ కోపం అప్పుడు వచ్చింది నాకు. ఆ రోజు బాకీ పడ్డ తిట్లన్నీ ఆయనకే పెట్టాను. ఆయన ఇస్త్రీ పెట్టె పట్టుకుని, ఏదో వరం దొరికినట్టు హాయిగా నవ్వుతూ నిలబడ్డాడు.

సాయంత్రం మిగిలిన వెల్వెట్‌ని తానుగా చుట్టి పై అరలో పెట్టాలి. అదే అర. అదే స్టూలు. పొట్టి పరుగెత్తుకొచ్చి, "నేను పెడతానక్కా" అంది.

"నీకేం అందుతుందే పొట్టీ? స్టూలు పట్టుకో చాలు."

ఎక్కాను. ఎడంచేత్తో అర అంచు గట్టిగా పట్టుకున్నాను, అబద్ధమెందుకు. నేల చాలా కిందికి పోయినట్టు కనబడింది. తాను కుడిచేత్తో పట్టుకుని ఎత్తుతూ, దారిలో కనబడ్డ దుమ్ముని, ఆ దుమ్ము తుడవని వాళ్ళని, ఇంత ఎత్తులో అర పెట్టిన వడ్రంగిని వరసగా తిట్టుకుంటూ పోయాను. తాను అరలో కూర్చుంది. కింద చప్పుడే లేదు. ఏమైందోనని చూస్తే, పొట్టి రెండు చేతులతో స్టూలు వాటేసుకుని, కళ్ళు మూసుకుని, బుగ్గలు పూరించి నిలబడి ఉంది.

"ఒసేయ్, పొద్దున ఏం చెప్పాను? ఊపిరి తీసుకో!"

కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపింది.

"నేను పడనే పిచ్చిదానా. తీసుకో."

అప్పుడు వదిలింది ఊపిరి. కళ్ళు తెరిచి పైకి చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకు నవ్వుతోందో నాకు వెంటనే అర్థం కాలేదు. తాను పెట్టేసి ఎంతసేపైందో, నా కుడిచెయ్యి ఇంకా తల పైన అర మీదే ఉంది. దాన్ని దించాలన్న సంగతే మరిచిపోయాను.